గట్టు మీది కాయలు ఏడాదంతా ఇంట్లో: నూనెతో కాదు, ఉప్పుతో, ఎండతో నిల్వ

వీడియోలో చింతకాయ దంచడం, రేగి వడియాలు పెట్టడం చూశారు కదా. కొలతలు, కాయ కోసే దశ, ముఖ్యంగా ఏ గట్టు మీద కోయకూడదన్నది అందులో పూర్తిగా చెప్పడానికి కుదరలేదు. అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

పత్తి, మిరప వేసే మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఊళ్లలో డబ్బు ఏడాదికోసారి చేతికొస్తుంది. కిరాణా కొట్లో ఖాతా మాత్రం నెలనెలా పెరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది గుర్తుందా? యార్డులో ధర మన చేతిలో లేదు. వంటింటి ఖర్చు కొంతైనా మన చేతిలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. నలుగురున్న ఇంట్లో పప్పుకి, చారుకి, పులుసుకి కలిపి రోజుకు 25 గ్రాముల చింతపండు వాడతారనుకోండి. ఏడాదికి 9 కిలోల పైమాటే. వారంలో మూడు రోజులు దాని బదులు మామిడి ఒరుగులో, పచ్చి చింతకాయ తొక్కో, నిమ్మకాయో వాడితే దగ్గర దగ్గర 4 కిలోలు కొనక్కర్లేదు. మీ ఊరి కొట్టు ధర వేసి చూసుకోండి. ఏడాదిలో కొనే పచ్చళ్ల సీసాల ఖర్చు కూడా దానికి కలపండి.

అయితే ఇంట్లో పచ్చడి పెట్టినంత మాత్రాన డబ్బు మిగిలిపోదండి. కాయలు కొని, నువ్వుల నూనె కొని, ఆవాలు కొని ఆవకాయ పెడితే చేతిలో డబ్బు పోయేదే ఎక్కువ. ఆవకాయ మానేయమని నేననను, అది లేకుండా వేసవి ఎట్లా గడుస్తుంది! కానీ ఆదా కావాలంటే కాయను ఉప్పులో ఊరబెట్టో, ఎండబెట్టో దాచుకోవాలి. నూనె, తాలింపు తినే రోజున, తినేంత వరకే. మన పెద్దవాళ్ల తొక్కు పద్ధతి ఇదే. కాయలో నీటిని ఉప్పు బయటికి లాగేస్తుంది, కాయ పులుపు సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే నిల్వకు నూనె అక్కర్లేదు.

ఇప్పుడు ఏ గట్టు అన్న సంగతి. చింతకాయ నిండేది కార్తీక, మార్గశిరాల్లో. రేగి పండ్లు సంక్రాంతికి. పక్క చేలల్లో మిరపకు మందులు జోరుగా కొట్టేదీ అప్పుడే. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చి మిరపను ఊడ్చేసిన సంగతి మనకు తెలిసిందే. ఆ పురుగు భయం ఇంకా పోలేదు. పవర్ స్ప్రేయరుతో కొడితే ఆ తుంపర గట్టు దగ్గర ఆగదు. రేగి పండుకు తొక్క తీయం, అట్లాగే తింటాం. కొన్ని మందులు కాయ లోపలికే దిగుతాయి, కడిగితే పోవు. అందుకని మందులు కొట్టే చేను పక్క గట్టున ఉన్న రేగి ఎంత ఎర్రగా ఊరించినా నేను కోయను. మన చేను మధ్యలో, పెరట్లో, ఊరి చెరువు కట్ట మీద ఉన్నవే కోయండి. రోడ్డు పక్క, చెరువు కట్ట మీద చింతచెట్ల ఫలసాయాన్ని పంచాయతీలు వేలం వేస్తుంటాయి, ముందు అడిగి కోసుకోవాలి.

ఇంకొకటి. మనది ప్రకృతి పంటే కదా అని కడగకుండా వాడొద్దు. జీవామృతం, కషాయాలు పిచికారీ చేసిన చోట పేడ, మూత్రం కాయ మీద ఉంటాయి. కోతకు ముందు పిచికారీ ఆపండి, కోశాక మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కడిగిన తడి పూర్తిగా ఆరాలి. నిల్వ పాడయ్యేది చాలా వరకు ఈ తడితోనే.

చింతకాయ నిండుగా ఉండాలి, గింజ గట్టిపడకూడదు. లేతదైతే వగరు. ముదిరితే రోట్లో గింజ రాయిలా తగులుతుంది. కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, కచ్చాపచ్చాగా దంచండి. కిలో కాయకు పావుకిలో రాళ్ల ఉప్పు, చెంచాన్నర పసుపు. ఉప్పును కూడా ఒక పూట ఎండలో పెట్టాలి. జాడీలో పెట్టి మూడో రోజు తీసి, మళ్లీ దంచి, ఈనెలు, గింజలు ఏరేయండి. తర్వాత గాలి దూరకుండా అరచేత్తో నొక్కి జాడీ నింపి, గుడ్డతో వాసెన కట్టండి. కావలసిన రోజున నిమ్మకాయంత తీసి ఎండుమిర్చి, మెంతులు, వెల్లుల్లి వేసి నూరి తాలింపు పెడితే సరి. ఉసిరికాయకూ ఇదే కొలత, ఇదే పద్ధతి.

కొరివి కారానికి మిరపను రెండో కోతలో పక్కన తీసిపెట్టుకుంటాను. బాగా పండి, గట్టిగా ఉన్న కాయలే పనికొస్తాయి, తాలు వద్దు. తొడిమతోనే కడిగి, ఆరాకే తొడిమ తీయాలి. ముందే తీస్తే ఆ కన్నంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. కిలో కాయలకు పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు.

నిమ్మ వానాకాలంలో చవక, వేసవిలో ముట్టుకోలేం. చవకగా ఉన్నప్పుడే ముక్కలు చేసి ఉప్పులో వేసుకోవాలి. ముక్క ఎప్పుడూ రసంలో మునిగి ఉండాలి, అంతే.

నా దృష్టిలో అన్నిటికంటే ఆదా మామిడి ఒరుగులది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వచ్చిన తెల్లారి చెట్టు కింద ఎన్ని కాయలు రాలి ఉంటాయో మీకు తెలుసు. వాటిని కొనేవాడుండడు. దెబ్బ తగిలిన చోటు కోసేసి, తొక్క తీసి, పలుచగా ముక్కలు చేయండి. కిలో ముక్కలకు 100 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు పట్టించి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి ఊరిన నీళ్లు వంపేసి గుడ్డ మీద పలుచగా పరవండి. రెంటచింతల ఎండల గురించి ఏటా వార్తల్లో వింటూనే ఉంటాం కదా, ఆ ఎండ మనకు ఉచితంగా వచ్చే డ్రయ్యరు. నాలుగైదు రోజులు పడుతుంది. సాయంత్రం మంచు, చెమ్మ తగలకుండా లోపలికి తెచ్చేయాలి. వంచితే వంగకూడదు, పుటుక్కున విరగాలి. పప్పులో వేసేముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చేయండి, తొక్కు పచ్చళ్లు కూడా తగ్గించుకోండి.

రేగి పండ్లకు పురుగు ఎక్కువ. కొన్నిటిని విప్పి చూసుకోవాలి. కిలో పండ్లకు పావుకిలో బెల్లం, నాలుగైదు పచ్చిమిర్చి, జీలకర్ర, తగినంత ఉప్పు వేసి, గింజ పగలకుండా దంచి, బిళ్లలుగా తట్టి ఎండబెట్టడమే. బడి నుంచి వచ్చిన పిల్లలకు చేతిలో పెడితే ఆ పూట ప్యాకెట్ల గోల ఉండదు.

పులుపు పదార్థాలకు పింగాణీ జాడీ గానీ గాజు సీసా గానీ వాడండి. అల్యూమినియం, రాగి, కళాయి లేని ఇత్తడి వద్దు. పచ్చడి మీద బూజు కనిపిస్తే పైది తీసేసి అడుగుది వాడుకోవచ్చనేవాళ్లున్నారు. నేను వాడను, బూజు విషం కిందికి కూడా దిగి ఉండొచ్చు. ఒరుగులకు బూజు పట్టినా అంతే. పాడైన తొక్కును పేడ కుప్పలోగానీ చెట్టు మొదట్లోగానీ వేయకండి, అందులో ఉన్న ఉప్పు నేలకు మంచిది కాదు. పశువులకు అందకుండా, పొలానికి దూరంగా గుంట తీసి పూడ్చేయండి.