వీధి గుమ్మమునకు కాపలా కెమెరా

విశాఖపట్నపు రేవు 1933వ సంవత్సరములో తెరువబడినది. ఉక్కు కర్మాగారము 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైనది. ఈ రెండింటిని నమ్ముకొని జీవించు కుటుంబములు నగరములోనే గాక ఆనందపురము, పద్మనాభము, సబ్బవరము, పరవాడ మండలముల గ్రామములలోను కలవు. కర్మాగారములో పని రేయింబవళ్లు మూడు షిఫ్టులుగా సాగును. ఇంటి యజమాని రాత్రి షిఫ్టునకు పోవును. ఇంట వృద్ధులు, స్త్రీలు, పిల్లలు మిగులుదురు. భార్యాభర్తలిరువురు పనికి పోవు ఇంటికి పగలంతయు తాళమే. ఇట్టి ఇండ్ల గుమ్మములపై నేడు చిన్న చిన్న కెమెరాలు కనబడుచున్నవి.

కెమెరా కొనుట గృహస్థుని స్వంత విషయము. అయినను ఎట్టిది కొనవలెను, ఎక్కడ బిగించవలెనని పంచాయతీ సభ్యుని అడుగువారు కలరు. బిగించిన పిమ్మట ఎదురింటివారు తగవు తెచ్చునదియు ఆ సభ్యుని యొద్దకే. కావున ఈ సంగతులను కొంత వివరముగా చెప్పుచున్నాము.

ముందుగా ఒక మాట. ఇంటికి కెమెరా పెట్టవలెనని నిర్బంధము లేదు. 2013లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టము ఒకేసారి నూరుమంది చేరు అవకాశమున్న దుకాణములు, కల్యాణమండపములు మున్నగు స్థలములలో కెమెరాలుండవలెననియు, చిత్రములను 30 దినములు భద్రపరచవలెననియు చెప్పినది. అది గృహములకు వర్తించునని సభ్యులెవ్వరును పొరపాటున చెప్పరాదు.

గుమ్మము కెమెరా దొంగను పట్టుకొనదు. వచ్చినవాడెవడో చూపును, అంతే. దానిని ముఖము కొరకే పెట్టుచున్నామన్న సంగతి మరచి, వీధి యంతయు కనబడవలెనని డాబా పిట్టగోడపై బిగించువారే హెచ్చు. అట్టి చిత్రములో గొడుగులు, తలపాగలు, బట్టతలలు చక్కగా కనబడును. ముఖము మాత్రము కనబడదు.

చిత్రము చుక్కలతో ఏర్పడునది. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రములో అడ్డముగా 1920 చుక్కలుండును. పరిచయము లేని మనిషి ముఖమును సందేహము లేకుండ గుర్తించుటకు అతడు నిలిచిన చోట మీటరు వెడల్పునకు 250 చుక్కలు ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము. 1920ని 250తో భాగించిన సుమారు ఏడున్నర మీటర్లు వచ్చును. అనగా ఆ కెమెరా ముఖమును పోల్చదగినట్లు చూపగల వెడల్పు అంతమాత్రమే. 90 డిగ్రీల మేర చూచు కటకమైనచో మనిషి నాలుగు మీటర్ల లోపల, అనగా పండ్రెండు పదుమూడడుగుల లోపల నిలిచినప్పుడే ముఖము తేటగా తెలియును. అదే కెమెరాకు 60 డిగ్రీలు మాత్రమే చూచు కటకమున్నచో ఆ దూరము ఆరున్నర మీటర్లకు పెరుగును. విశాలముగా చూచునది మేలైనదని అమ్మువాడు చెప్పును. గుమ్మము విషయములో అది నిజము కాదు. గుమ్మము, గడప, అరుగు, మెట్లు కనబడిన చాలును.

ఎత్తు కూడ లెక్క ప్రకారముండవలెను. ఎనిమిది అడుగుల ఎత్తున బిగించిన కెమెరా పది అడుగుల దూరమున నిలిచిన మనిషి ముఖమును సుమారు 17 డిగ్రీల వాలులో చూచును. ముఖము తెలియును, కెమెరా చేతికందదు. పండ్రెండడుగులకు పెంచినచో వాలు 35 డిగ్రీలగును. నొసలే గాని కన్నులు తెలియవు. ఎనిమిది అడుగులే మేలని మా అభిప్రాయము. పిలుపుగంటతో కలిసిన కెమెరాను నాలుగడుగుల ఎత్తున ద్వారబంధము ప్రక్కన పెట్టుదురు. అది ముఖమును బాగుగా చూపును గాని పెరికివేయుట సులభము. ఇంట ఎప్పుడును మనుష్యులుండు కుటుంబమునకు అది తగును. తాళము వేసి పోవువారికి తగదు.

మన ప్రాంతమున తూర్పు గుమ్మము ఇండ్లు ఎక్కువ. గుమ్మముపైన తిన్నగా తూర్పునకు బిగించిన కెమెరా కంటిలో ఉదయపు ఎండ పడును. అప్పుడు వచ్చినవాడు నల్లని నీడవలె కనబడును. కావున కెమెరాను పంచలో ఉత్తరపు ప్రక్కనో దక్షిణపు ప్రక్కనో బిగించి, గుమ్మమును ప్రక్కనుండి చూచునట్లు త్రిప్పవలెను. వెలుగు నీడలను సరిచేయు ఏర్పాటు గల కెమెరా పెట్టెపై డబ్ల్యూ.డి.ఆర్. అని వ్రాసియుండును. తూర్పు, పడమటి గుమ్మములవారు అది ఉన్నదానినే కోరవలెను.

రాత్రివేళ కెమెరా కంటికి కనబడని పరారుణ కాంతిని విసరి చూచును. ఎదుట సున్నము వేసిన తెల్లగోడ మరీ దగ్గరగా ఉన్నచో ఆ కాంతి తిరిగివచ్చి చిత్రమంతయు తెల్లబారును. సాలెగూడు కూడ అట్లే చేయును. గుమ్మమునకు ఒక చిన్న దీపము రాత్రంతయు వెలుగుచుండుట అన్నిటికంటె మేలు. ఇక మామిడి తోరణము, దిష్టి గుమ్మడికాయ సంగతి. కెమెరా బిగించు వేళ అవి ఉండవు. పండుగనాడు వచ్చి దాని కంటికి అడ్డు నిలుచును. తోరణము గాలికి ఊగినపుడెల్ల ఇంటివారి ఫోనునకు హెచ్చరిక పోవును. నాలుగు దినములు విసిగిన యజమాని ఆ హెచ్చరికలనే ఆపివేయును. వాటి చోటు చూచుకొని కెమెరా చోటు నిర్ణయించుట మంచిది.

సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలియు, రేవు, కర్మాగారముల దిక్కున ధూళియు కెమెరాకు శత్రువులు. ఐ.పి. 66 అను గుర్తు గలది ధూళిని లోనికి రానీయదు, జడివానకు చెడదు. మరలు తుప్పుపట్టని ఉక్కువై యుండవలెను. పక్షమున కొకసారి మెత్తని నూలుగుడ్డను మంచినీటితో తడిపి అద్దము తుడిచిన చాలును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు కరెంటు దినముల తరబడి లేకపోయినది. కావున తుపాను హెచ్చరిక వచ్చినపుడు కెమెరాను విప్పి లోపల పెట్టుకొనవలెను. సాధారణ కరెంటు కోతలకు చిన్న బ్యాటరీ ఏర్పాటు చాలును.

చిత్రములు నిలువయగు చోటును గూర్చి చాలమంది ఆలోచింపరు. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఎడతెగక నమోదు చేసినచో దినమునకు సుమారు 21 గిగాబైట్లు కావలెను. 128 గిగాబైట్ల మెమొరీ కార్డు ఆరు దినములలో నిండి, పాత చిత్రములపై క్రొత్తవి పడును. సంక్రాంతికి పది దినములు ఊరికి పోవువారు ఈ లెక్క చూచుకొనవలెను. పైగా కార్డు కెమెరాలోనే ఉన్నచో దొంగ కెమెరాతోబాటు దానినిగూడ కొనిపోవును. రికార్డరు ఇంటిలోపల, కంటబడని చోట నుండుట మేలు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళము వేసిన ఇండ్లకై ప్రవేశపెట్టిన పద్ధతిలో కెమెరాను ఇంటిలోపలనే ఉంచిరి. లోపల కదలిక కలిగినంతనే వారికి హెచ్చరిక అందుచుండెను. అందులోని యుక్తి మనమును గ్రహింపదగినది.

కెమెరాల భద్రతను గూర్చి కేంద్రప్రభుత్వము 2024 ఏప్రిల్‌లో నియమములు ప్రకటించి, 2025 ఏప్రిల్ నుండి అమలు పరచినది. పరీక్షలో నెగ్గిన రకమా, నమోదు సంఖ్య కలదా, బిల్లు ఇచ్చునా అని కొనువారు అడుగవలెను. సంతలో చవుకగా దొరకు పేరులేని సరుకు వద్దు. తెచ్చిన దినముననే కంపెనీవారి పాస్‌వర్డును మార్చవలెను. 2016లో అమెరికాలో పెక్కు వెబ్‌సైట్లు కొన్ని గంటలు స్తంభించుటకు కారణము, పాస్‌వర్డు మార్చని ఇట్టి కెమెరాలు, రికార్డర్లు వేలకొలది దుండగుల చేతిలో పడుటయే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది పొరుగువారి సంగతి. పల్లెలో వీధి ఇరుకు. ఎదురెదురు గుమ్మముల నడుమ పదిహేనడుగులుండిన ఎక్కువ. వేకువనే స్త్రీలు వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టుదురు. అరుగుపై కూర్చుండి పిల్లలకు తలదువ్వుదురు. దొడ్డిలోని స్నానపుచోటునకు పైకప్పు లేని ఇండ్లు ఇప్పటికిని కలవు. ఎదురింటి కెమెరా ఇవన్నియు చూచుచు నిలువచేయుచుండగా ఏ ఆడుబిడ్డ నిశ్చింతగా తిరుగగలదు? మా ఇంటి రక్షణ మా హక్కు అని ఒకరందురు. వారి మాట అబద్ధము కాదు. మా వాకిలి మాది అని రెండవవారందురు. వారి మాటయు నిజమే. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఇక చాటున నున్న స్త్రీని చూచుటయు, ఆమె చిత్రము తీయుటయు భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. మొదటిసారికే ఒక సంవత్సరమునకు తగ్గని జైలుశిక్ష కలదు. బుద్ధిపూర్వకముగా చేసిన వాడొకడు, తెలియక కెమెరా త్రిప్పిన వాడొకడు. వీరిరువురిని సభ్యులు ఒకే గాటను కట్టరాదు.

ఈ తగవులలో తీర్పు చెప్పు అధికారము పంచాయతీకి లేదు. నచ్చజెప్పు చనువు కలదు. ఆ చనువును ఇట్లు వాడవచ్చును. కెమెరా చూపు చిత్రమును యజమాని ఫోనులో ఇరుపక్షముల పెద్దలు కలిసి చూడవలెను. ఆ ఇంటి స్త్రీలను తప్పక పిలువవలెను. ఎదురింటి గుమ్మము గాని, కిటికీ గాని, దొడ్డి గాని చిత్రములో ఉన్నచో కెమెరాను క్రిందికి వంచి గడపవైపు త్రిప్పవలెను. త్రిప్పుటకు వీలులేనిచో ఆ భాగమును నల్లగా కప్పివేయు ఏర్పాటు చాల కెమెరాలలో ఉన్నది. మాటలు వినబడు సౌకర్యమును ఆపివేయవలెను; అరుగుమీది సంభాషణ ఎవరి ఆస్తియు కాదు. ముఖము కొరకు సరిగా బిగించిన కెమెరా సహజముగనే ఎదురింటిని చూడదు. తగవు తెచ్చు కెమెరాలలో చాలవరకు చోటు తప్పి బిగించినవే.

దొంగతనము జరిగినప్పుడు తొందరపడి చిత్రమును వాట్సాప్ గుంపులలో పంపరాదు. చూపు మసకగా ఉండి, పోలిక గల అమాయకుడు దెబ్బలు తిను ప్రమాదము కలదు. నేరుగా పోలీసు స్టేషనులో తెలుపవలెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఇట్టి చిత్రము కోర్టులో చెల్లుటకు ధ్రువపత్రము జతపరచవలెను; ఆ వివరములు స్టేషనువారు చెప్పుదురు. రికార్డరును ఆపి, క్రొత్త చిత్రములు పాతవాటిపై పడకుండ చూడవలెను, దేనినిగాని చెరిపివేయరాదు. కరెంటు పోయి వచ్చిన పిమ్మట పెక్కు రికార్డర్ల గడియారము తప్పును. కావున ఆ క్షణమున రికార్డరు చూపు వేళను, చేతి గడియారపు వేళను ఒక కాగితముపై ప్రక్కప్రక్కన వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి స్టేషనులో ఈయవలెను.