జన్యు సవరణ వరి: తికమక పెట్టే ప్రశ్నలు

దేశంలో తొలి జన్యు సవరణ వరి రకాలు రెండింటిని 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ ప్రకటించారు. రెండింటి మాతృ రకాలూ ఆంధ్రప్రదేశ్‌లో పుట్టినవే. బాపట్ల సాంబ మసూరి (బీపీటీ 5204) నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ డీఆర్‌ఆర్ ధాన్ 100ను రూపొందించింది. దీనికే కమల అని పేరు. మారుటేరు కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) నుంచి పూసా డీఎస్‌టీ రైస్ 1ను తెచ్చింది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ. పరీక్షల్లో ఈ రెండు సంస్థల పేర్లు తారుమారు చేసి అడిగే అవకాశం ఎక్కువ.

కమలలో సవరించింది సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ జన్యువును. ఆ హార్మోన్ నిలవడంతో వెన్నుకు గింజలు పెరుగుతాయి. పంట కూడా సాంబ మసూరి కంటే సుమారు 15-20 రోజులు ముందే కోతకొస్తుంది. పూసా రకం చౌడును, ఉప్పు నేలను తట్టుకుంటుంది. వీటిని బీటీ పత్తితో కలిపేయకండి: అందులో బ్యాక్టీరియా జన్యువు ఉంటుంది, వీటిలో బయటి డీఎన్‌ఏ లేదు.

ఈ వరి రకాల్లో జన్యువులను సవరించిన క్రిస్పర్ అనే జన్యు కత్తెర వైద్యంలోకీ వచ్చింది. సికిల్‌సెల్ వ్యాధికి కాస్‌జెవీ చికిత్సను 2023 నవంబరులో మొదట అనుమతించిన దేశం బ్రిటన్. క్రిస్పర్‌కు 2020లో ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అందుకున్నది రసాయనశాస్త్ర నోబెల్. ఆప్షన్లలో వైద్య నోబెల్ కనిపిస్తే కొట్టేయండి.