వీథి – ఇంటి నిర్మాణం

ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించినప్పుడు శ్రీకృష్ణదేవరాయలు కొండలను తొలిపించి, బండరాళ్లను పగలగొట్టించి సైన్యానికి బాట వేయించాడని పోర్చుగీసు చరిత్ర రచయిత నూనిజ్ రాశాడు. 1514లో దుర్గం రాయల వశమైంది. బాట వేయడం అంతటి ప్రయాస. దానిని పాడుచేయడానికి మాత్రం ఒక్క ఇంటి పని చాలు.

నేడు ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా ఇల్లు కట్టేవారు చాలామంది ఇసుకను, కంకరను వీథిలోనే రాశులు పోస్తారు. వానకు ఇసుక జారి మురుగుకాలువ పూడుతుంది. నీరు దారిపై నిలుస్తుంది. ఆ నీరు పగుళ్లగుండా దిగి, అడుగున ఉన్న మట్టిని మెత్తబరుస్తుంది. ఆపై బరువైన లారీ వెళితే దారి కుంగిపోతుంది. కొళాయి గొట్టానికై తవ్విన గుంతను కూడా పొరలు పొరలుగా పూడ్చి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఒక్కసారిగా మట్టి కప్పితే తొలివానకే దిగబడుతుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం వీథిలో మట్టి పోసినవారికి పణంలో ఎనిమిదవ వంతు, బురదతో గాని నీటితో గాని దారిని అడ్డగించినవారికి నాలుగవ వంతు దండన విధించింది. రాజమార్గంలోనైతే అది రెట్టింపు. మట్టికన్న నీటికే దండన ఎక్కువ కావడం గమనింపదగినది. 2016లో భారత ప్రభుత్వం చేసిన నియమాలు సైతం నిర్మాణ వ్యర్థాలను స్వంత ఆవరణలోనే ఉంచాలనీ, దారిలో, కాలువలో వేయరాదనీ చెప్పాయి.

స్థలం ఇరుకైనవారు ఏనాటి పనికి కావలసిన ఇసుకను ఆనాడే తెప్పించుకోవచ్చు. బండి బాడుగ కొంత పెరుగుతుంది, నిజమే. నేడు ఆ మిగులు కోసం గుంతల దారిన నడుస్తున్నవారు పొరుగువారు.