నెట్ పోయిందా? ముందు ఎక్కడ పోయిందో చూడండి



వానలు మొదలైతే అరకు లోయ నుంచి మా కంప్యూటర్ విభాగానికి వచ్చే ఫోన్లలో ఒకే మాట పదేపదే వినిపిస్తుంది. "సార్, ఇంట్లో నెట్ పోయింది. బాబు ప్రాజెక్టు పంపలేకపోయాడు." ఎక్కడ పోయిందండీ అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఆ జవాబు మీ అంతట మీరే పది నిమిషాల్లో కనుక్కోవడం ఎలాగో ఈ నెల చెప్పుకుందాం.

ముందు, కిందటేడు వానల్లో మా విద్యార్థి ఇంట్లో జరిగిన సంగతి. పోటీ పరీక్ష దరఖాస్తుకు అది ఆఖరు రోజు. మధ్యాహ్నం గాలివాన వచ్చి నెట్ ఆగిపోయింది. రూటర్ మీద ఎర్ర లైటు మినుకుమంటోంది. కంగారులో తండ్రిగారు రూటర్ వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ నొక్కారు. నిజానికి తెగింది వీధి చివర స్తంభం మీది కేబుల్. సాయంత్రానికి లైన్ కుర్రాళ్లు వచ్చి అతికించి వెళ్లారు. పక్కింట్లో నెట్ వచ్చింది, వీళ్లింట్లో రాలేదు. రీసెట్‌తో కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ రూటర్‌లోంచి చెరిగిపోయాయి. రాత్రి పదింటికి పక్కింటివాళ్ల వైఫైతో దరఖాస్తు పూర్తిచేశారు. రూటర్‌ను మళ్లీ సరిచేయించుకునేసరికి మూడు రోజులు పట్టింది.

గాలివాన వల్ల పోయింది నాలుగు గంటలు. కంగారు వల్ల పోయింది మూడు రోజులు.

నెట్ మన ఇంటికి వచ్చే దారి

విశాఖపట్నం నుంచి అరకుకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. బస్సు ఎక్కే కొండలే నెట్ కూడా ఎక్కి రావాలి. మన రాష్ట్రంలో 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్‌లో కేబుల్‌ను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. భూమి తవ్వే పని లేకపోవడంతో ఖర్చూ తగ్గింది, ఊళ్లకూ తొందరగా చేరింది. అయితే స్తంభాల మీద వెళ్లే ఏ కేబుల్‌కైనా చెట్లతోనే భయం. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు గాలికి ఎలా కూలతాయో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మనవాళ్లంతా చూశారు.

ఆ కేబుల్ లోపల ఉండేది గాజు పోగు. అందులో వెలుతురు నడిచే భాగం మన తల వెంట్రుకకన్నా చాలా సన్నం, సుమారు 9 మైక్రాన్లు. వెలుతురు గాజు లోపలే తిరిగి తిరిగి పరావర్తనం చెందుతూ కిలోమీటర్ల దూరం వస్తుంది. హైస్కూలు ఫిజిక్స్‌లో పిల్లలు చదివే సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. కేబుల్‌ను గట్టిగా మడిస్తే ఆ వంపు దగ్గర వెలుతురు బయటికి జారిపోతుంది. బీరువా వెనక నలిగిన కేబుల్ తెగకపోయినా నెట్ నెమ్మదించేది అందుకే.

అంటే నెట్ దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి: మన కంప్యూటర్, ఇంట్లో వైఫై, రూటర్ డబ్బా, ఆ తర్వాత వీధి స్తంభం నుంచి పట్నం దాకా వెళ్లే కేబుల్. వెతికే పద్ధతికి సూత్రం ఒక్కటే. దగ్గర నుంచి దూరానికి వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక ఫలితం చూసి తర్వాతి మెట్టుకు వెళ్లండి.

మొదటి మెట్టు: ఒక్కదానికా, అన్నిటికా?

ముందు ఇంకో రెండు సైట్లు తెరవండి. అవి వస్తుంటే మీ నెట్ బాగానే ఉంది, మీరు తెరిచిన సైటుకే ఇబ్బంది. ఆఖరు తేదీ రోజు పరీక్షల సైట్లు మొరాయించడం మామూలే. రూటర్ జోలికి వెళ్లకుండా కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి.

ఏ సైటూ రాకపోతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైతో ఏదైనా తెరవండి. డేటా ఆపడం మరవకండి, లేకపోతే ఫోన్ గుట్టుగా సిమ్ నెట్ వాడేసి మిమ్మల్ని దారి తప్పిస్తుంది. ఫోన్‌లో వస్తే తప్పు కంప్యూటర్‌దే, రెండో మెట్టు చూడండి. ఫోన్‌లోనూ రాకపోతే నేరుగా మూడో మెట్టుకు వెళ్లండి.

రెండో మెట్టు: కంప్యూటర్

ల్యాప్‌టాప్‌లో ఏరోప్లేన్ మోడ్ పొరపాటున ఆన్ అయిందేమో చూడండి. కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న మీట పిల్లల వేలికి తరచూ తగులుతుంది. తర్వాత కుడివైపు కింద మూల వైఫై గుర్తు మీద నొక్కి, అతుక్కున్నది మీ ఇంటి పేరుకేనా అని చూడండి. డెస్క్‌టాప్‌కు కేబుల్ వాడుతుంటే రెండు కొసలూ తీసి, టక్కుమనే దాకా మళ్లీ పెట్టండి.

చాలామంది చూడనిది ఇంకోటుంది, కంప్యూటర్ గడియారం. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలు ఉంటాయి. కంప్యూటర్ తేదీ తప్పయితే ఆ పత్రాలు చెల్లనివిగా కనిపించి, బ్రౌజర్ ప్రతి సైటుకూ భద్రత లేదని హెచ్చరిస్తుంది. మనం నెట్ పోయిందనుకుంటాం. తేదీ, సమయం సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి. బిళ్ల బ్యాటరీ తక్కువ ధరకే దొరుకుతుంది.

మూడో మెట్టు: కంప్యూటర్ నుంచి రూటర్ దాకా

రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అంకెలు ఉంటాయి. బ్రౌజర్‌లో అడ్రస్ రాసే చోట ఆ అంకెలు కొట్టండి. దీనికి బయటి నెట్ అక్కర్లేదు. రూటర్ లాగిన్ పేజీ కనిపిస్తే మీ కంప్యూటర్, వైఫై రెండూ బాగున్నట్టే. అక్కడ ఏమీ మార్చకుండా మూసేయండి. పేజీ రాకపోతే రూటర్ దగ్గరికి వెళ్లి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడు వస్తే సమస్య గోడలది. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ పేరు గోడలు దాటి దూరం వెళ్తుంది, 5 గిగాహెర్ట్జ్ పేరు వేగంగా ఉన్నా గది దాటితే బలహీనపడుతుంది. పిల్లలు చదువుకునే గది దూరమైతే మొదటిదానికి మారండి.

ఇంకో చిన్న పరీక్ష. బ్రౌజర్‌లో 1.1.1.1 అని కొట్టండి. పేజీ తెరుచుకుని, పేరుతో కొట్టిన సైట్లు మాత్రం రాకపోతే డీఎన్ఎస్ పనిచేయడం లేదన్నమాట. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిచ్చే డైరెక్టరీ. ఆ మాట ఆపరేటర్‌కు చెప్పండి. సగం పని అయినట్టే.

నాలుగో మెట్టు: రూటర్ లైట్లు

పవర్ లైటు లేకపోతే ముందు ప్లగ్గు, అడాప్టరు చూడండి. లైట్ల కింద పీ, ఓ, ఎన్ అక్షరాలున్నది నిలకడగా పచ్చగా వెలగాలి. ఎల్, ఓ, ఎస్ అక్షరాలున్నది అసలు వెలగకూడదు. అది ఎర్రగా మినుకుమంటే గాజు పోగులో వెలుతురు మీ డబ్బా దాకా రావడం లేదని అర్థం. సన్న కేబుల్ ఎక్కడైనా మడత పడిందా, ఎలుక కొరికిందా చూడండి. ఇంట్లో అంతా బాగుంటే తప్పు బయటే ఉంది. మీరు కంప్యూటర్‌ను ఎంత తిప్పలు పెట్టినా లాభం లేదు.

ఎర్ర లైటు లేదు, పచ్చ లైటు నిలకడగా ఉంది, అయినా నెట్ లేదంటే నెల ప్యాకేజీ గడువు ముగిసిందేమో చూడండి. అదీ కాకపోతే రూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి, లైట్లు కుదురుకునే దాకా మూడు నిమిషాలు ముట్టుకోకండి.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీస్టార్ట్ అంటే నిద్రలేపడం. రీసెట్ అంటే జ్ఞాపకమంతా తుడిచేయడం. ఆపరేటర్ ఫోన్‌లో ఉండి నొక్కమంటే తప్ప పిన్ను రంధ్రం జోలికి వెళ్లవద్దు.

అయిదో మెట్టు: ఇంటి బయట

పక్కింటివాళ్లను అడగండి. వాళ్లదీ అదే కనెక్షన్ అయి, వాళ్లకూ ఎర్ర లైటే ఉంటే తెగింది వీధిలోనో, ఇంకా దూరంలోనో, లేదా ఆపరేటర్ గదిలో కరెంటు పోయి ఉండొచ్చు. ఇంట్లో రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకున్నా, అవతలి కొసన కరెంటు లేకపోతే వెలుతురు రాదు. ఊళ్లో ఇంటి నెట్, ఫోన్ నెట్ రెండూ ఒకేసారి పోతే ఘాట్‌లో ఎక్కడో పెద్ద కేబుల్ తెగి ఉండవచ్చు. చాలా టవర్లకూ నెట్ కేబుల్ మీదుగానే వస్తుంది. అలాంటప్పుడు ఓపిక పట్టాలి.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ లేదు" అనకండి. "మధ్యాహ్నం రెండింటి నుంచి ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది, పక్కింట్లోనూ అంతే, రీసెట్ చేయలేదు" అని చెప్పండి. వచ్చేవాళ్లు నిచ్చెన, అతికించే పరికరం వెంట తెచ్చుకుంటారు. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు తప్పక రాసుకోండి. పరిష్కారం కాకపోతే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకునే హక్కు వినియోగదారులకు ఉంది, అక్కడ ఆ నంబరే ఆధారం.

ఇవి మాత్రం చేయవద్దు

కింద పడిన కేబుల్‌ను ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లలను దగ్గరికి పోనివ్వద్దు. నెట్ కేబుల్‌లో కరెంటు ఉండదన్నది నిజమే కానీ, అదే స్తంభం మీది కరెంటు తీగ దానితో కలిసి పడి ఉండవచ్చు. కరెంటు ఫిర్యాదులకు 1912కు ఫోన్ చేయండి.

తెగిన గాజు పోగు కొసలోకి కళ్లు పెట్టి చూడవద్దు. అందులో నడిచే వెలుతురు కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేయగలదు. గాజు ముక్క చర్మంలో దిగితే తీయడమూ కష్టం.

ఉరుములు మొదలవగానే రూటర్, కంప్యూటర్ ప్లగ్గులు తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు.

కస్టమర్ కేర్ నంబరును ఫోన్‌లో వెతికి, మొదట కనిపించిన దానికి చేయవద్దు. దొంగ నంబర్లు చాలా ఉన్నాయి. బిల్లు మీదో, ఆపరేటర్ ఇచ్చిన కార్డు మీదో ఉన్న నంబరే వాడండి. ఏదైనా యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పండి.

ఆఖరు తేదీలున్న రోజుల్లో

2020, 2021 లాక్‌డౌన్లలో ఏజెన్సీ పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కి పాఠాలు విన్నారు. ఆ ఇబ్బంది ఇప్పుడు చాలావరకు తగ్గినా, కొండల్లో నెట్ ఎప్పటికీ వానగాలికి లోబడే ఉంటుంది. అందుకని దరఖాస్తులు, ప్రాజెక్టులు ఆఖరు రోజుకు మిగల్చకండి. రెండు రోజుల ముందే ముగించండి. ఇంట్లో ఒక ఫోన్‌కు వేరే కంపెనీ సిమ్ ఉంచి, హాట్‌స్పాట్‌తో కంప్యూటర్‌కు నెట్ ఇవ్వడం పిల్లలకు ముందే నేర్పండి. నెట్ లేక హోంవర్క్ ఆగితే క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. వాన రోజున ఆలస్యమైందని ఏ పిల్లనూ తప్పుపట్టం.

ఈ నెల ఇంటి పని

నెట్ బాగా పనిచేస్తున్న రోజునే మీ పాపతోనో బాబుతోనో కలిసి రూటర్ లైట్ల ఫోటో తీయండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే బాగాలేనప్పుడు తేడా కనిపిస్తుంది. ఒక అట్ట మీద ఆపరేటర్ నంబరు, కనెక్షన్ నంబరు, యూజర్ నేమ్, పైన చెప్పిన అయిదు మెట్లు పిల్లల చేతే రాయించండి. పాస్‌వర్డ్ మాత్రం అట్ట మీద వద్దు, మీ డైరీలో రాసుకోండి. అట్టను రూటర్ పక్కన గోడకు అంటించండి. దాని కింద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాయించండి: రీసెట్ నొక్కవద్దు.

మళ్లీ నెట్ పోయినప్పుడు వెతికే పని పిల్లలకే అప్పగించి, మీరు పక్కన కూర్చోండి. తప్పు ఎక్కడుందో వాళ్లు కనుక్కున్నాక, ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పే మాట కూడా వాళ్ల చేతే చెప్పించండి.