సైకిల్ మీద డెలివరీ: చేయవలసినవి, చేయకూడనివి

హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి మాసబ్‌ట్యాంక్, అక్కణ్ణించి బంజారాహిల్స్ ఎత్తు. ఈ దారిలో సైకిల్ తొక్కుతూ పార్సిళ్లు మోసేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. మోటారు బండి కొనే స్తోమత లేనివాళ్లు కొందరు, చదువుకుంటూ సాయంత్రాలు పని చేసేవాళ్లు కొందరు. ఈ జాగ్రత్తలు వాళ్ల కోసం. వీటిలో దేన్ని పాటించబోయినా అడ్డం వచ్చేది ఫోన్లో తరిగిపోయే టైమే. పది నిమిషాలు ఆలస్యమైతే పోయేది కాస్త రేటింగే. అది మళ్లీ వస్తుంది.

బయల్దేరే ముందు

రెండు బ్రేకులూ గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకు తోసి చూడండి. చక్రం తిరిగిందంటే మెకానిక్ దగ్గరికే వెళ్లాలి, ఆర్డర్ తీసుకోకూడదు. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయంతో చాలామంది దాన్ని వదిలేసి, వెనక బ్రేకుతోనే నెట్టుకొస్తుంటారు. ఇది ప్రమాదం. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకే రెండూ కలిపి, ఒక్కసారిగా బిగించకుండా క్రమంగా నొక్కాలి. నొక్కుతూ ఒంటిని కాస్త వెనక్కి జరపాలి. బంజారాహిల్స్ వాలు దిగేటప్పుడు ఇది తెలిసి ఉండటం చాలా ముఖ్యం. ఖాళీ రోడ్డు మీద ముందే సాధన చేయండి.

కవరు హ్యాండిల్‌కి తగిలించకండి. మలుపు తిరిగేటప్పుడు అది ఊగి చక్రం పుల్లల్లో పడుతుంది. బరువును వెనక క్యారియర్ మీద తాడుతో బిగించండి. వీపున బ్యాగు తప్పకపోతే, తల తిప్పి వెనక్కి చూడటానికి అడ్డం రానంత ఎత్తులోనే ఉంచుకోండి.

సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరని చట్టం చెప్పదు. అయినా పెట్టుకోండి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పక్కన పడేయండి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి.

బస్సు పక్కన

అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఉండే సందుకే. ఖాళీ కనిపిస్తుంది, టైము కలిసొస్తుందని దూరిపోతాం. స్టాపు రాగానే బస్సు ఎడమకు ఒరుసుకుంటూ వస్తుంది. ఎడమ మలుపు తిరిగేటప్పుడు ఇంకా ప్రమాదం. పొడవాటి బండి వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెళ్లవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. డ్రైవరు మొహం ఆయన అద్దంలో మీకు కనిపించకపోతే, మీరూ ఆయనకు కనిపించనట్టే. వెనకే ఆగండి. లారీలకు, నీళ్ల ట్యాంకర్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు డోరు తెరుచుకున్నా తగలనంత దూరం, అంటే కనీసం మీటరు వదలండి.

యూటర్న్ దూరమైందని రాంగ్ రూటులో తొక్కకండి. దిగి, సైకిల్‌ని ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ జీబ్రా క్రాసింగ్ దగ్గర దాటండి. ఫోన్లో కారు రూటు పెట్టుకుంటే అది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమని కూడా చెబుతుంది. అక్కడ రెండు చక్రాల బండ్లకు ప్రవేశం లేదు. ఫోన్ చూడాలన్నా, కస్టమర్‌తో మాట్లాడాలన్నా పక్కకు ఆపి దిగండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, వెనక హారన్ మీకు వినబడాలి.

వాన, ఎండ, జనవరి

నీళ్లు నిలిచిన రోడ్డు మీద తొక్కకండి. ఆ నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి తెలియదు. వేరే దారి లేకపోతే కస్టమర్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పండి. తడిసిన రిమ్ము మీద బ్రేకు వెంటనే పట్టదు, కాబట్టి ముందు బండికి రెట్టింపు ఎడం వదలండి.

మే నెల మధ్యాహ్నాల్లో దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు. తల తిరిగితే, వాంతి వచ్చేలా ఉంటే నీడకు వెళ్లి ఆగిపోండి. మాట తడబడుతున్నా, మనిషి అయోమయంలో పడినా అది వడదెబ్బ. ఒళ్లు తడిపి, గాలి తగలనిచ్చి, 108కి ఫోన్ చేయాలి.

సంక్రాంతి రోజుల్లో మెడకు మందపాటి మఫ్లరు చుట్టుకోండి. గాలిపటాలకు కట్టే చైనా మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా 2024 జనవరిలో లంగర్‌హౌస్ దగ్గర ఫ్లైఓవర్ మీద బైకుపై వెళ్తున్న ఒక సైనికుడి గొంతు కోసుకుపోయి, ఆయన చనిపోయాడు. ఫ్లైఓవర్ మీద ఆ దారం దగ్గరికొచ్చేదాకా కంటికి ఆనదు. ఆ వారం రోజులూ మెల్లగా వెళ్లండి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టి నెమ్మదిగా నడవండి. కరిస్తే పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో వేస్తారు. మొదటి సూదితో ఆపేయకుండా డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లండి.

ప్రమాదం జరిగితే

కారువాడు చేతిలో ఐదొందలు పెట్టి పోదామని చూస్తే ఒప్పుకోవద్దు. లోపలి దెబ్బలు సాయంత్రానికి గాని తెలియవు. బండి నంబరు ఫొటో తీసుకోండి, 112కి చెప్పండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. గుద్ది పారిపోయినవాడు దొరకకపోయినా చట్టప్రకారం పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి తీవ్ర గాయాలకు 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షల రూపాయలు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స ఉంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. ఫోన్ లాక్ తీయకుండానే కనిపించేలా ఒక ఎమర్జెన్సీ నంబరు పెట్టుకోండి.

ఆర్డర్ ఇచ్చేవాళ్లకూ ఒక మనవి. మీ పార్సిల్ సైకిల్ మీద వస్తోందని తెలిస్తే, దారిలో ఉన్న మనిషికి పదేపదే ఫోన్ చేయకండి. ఇంటి గుర్తులు ముందే మెసేజ్‌లో రాసి పెట్టండి. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చి పంపండి.