మరమ్మతు తగవు

విజయవాడలో పటమటకు చేరువనున్న ఆటోనగరును ఎరుగనివారు ఆ ప్రాంతమున అరుదు. లారీలకు బాడీలు కట్టువారు, కమాను కట్టలు సరిచేయువారు, రేడియేటర్లు అతుకువారు, లేతు మిషనుపై పనిచేయువారు, సీట్లు కుట్టువారు, పాతసామాను అమ్మువారు అచ్చట వేరువేరు షెడ్లలో నుందురు. మరమ్మతునకు వచ్చిన ఒక కారు నాలుగైదు చేతులు మారి సిద్ధమగుట కలదు. అందువలన పని త్వరగా జరుగును, ఖర్చు తగ్గును. అందువలననే, పని చెడినప్పుడు అది ఎవరి చేతిలో చెడినదో తేల్చుట కష్టమగును.

వడ్రంగి చేసిన తలుపు బిగియకున్నచో చిన్నపిల్లవానికిని తెలియును. దర్జీ కుట్టిన చొక్కా చంకలో పట్టినచో తొడుగుకొన్నవాడే చెప్పగలడు. మోటారు ఇంజను అట్టిది కాదు. దానిలో జరిగిన పని ఇనుప మూత క్రింద దాగియుండును. డబ్బు చెల్లించువారు పనివాని మాటను నమ్మవలసినదే. ఆ మాట తప్పినచో ఏమి చేయవచ్చునో ఉయ్యూరు ఉపాధ్యాయిని కథ వలన తేటపడును.

ఆమె తండ్రికి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడుసార్లు విజయవాడకు పోయి, ఒక్కొక్కసారి నాలుగు గంటలసేపు డయాలిసిస్ యంత్రము చెంత పరుండి రక్తమును శుద్ధిచేయించుకొనవలెను. వరుస తప్పినచో కాళ్లు వాచును, ఊపిరి భారమగును. ఆయన బస్సులో నిలువలేడు. అందుచేత ఆమె ఒక పాత చిన్నకారును కొని తానే నడుపుచుండెను. ఆ యింట కారు విలాసవస్తువు కాదు, మందుసీసా వంటిది.

ఒక వేసవిలో ఆ కారు వేడెక్కసాగెను. ఆటోనగరులోని ఒక షెడ్డుకు తీసికొనిపోగా, మేస్త్రి ఆయిలు కొలుచు పుల్లను పైకి తీసి ఆమెకు చూపెను. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగున నుండెను.

“అమ్మగారూ, హెడ్ గాస్కెట్ పోయినది. నీరు ఆయిలులో కలియుచున్నది. హెడ్ దింపక తప్పదు” అని మేస్త్రి చెప్పెను.

“ఎల్లుండి ఉదయము నాన్నగారిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రేపు సాయంకాలమునకు ఇయ్యగలరా, మేస్త్రిగారూ?” అని ఆమె అడిగెను. అతడు సరేననెను.

ఇంజనులో పిస్టన్లు ఆడు దిమ్మె క్రిందను, దానికి మూతవలె హెడ్ పైనను ఉండును. నడుమనుండు పలుచని గాస్కెట్ మంటను, నీటిని, ఆయిలును ఒకదానితో నొకటి కలియనీయదు. ఇంజను మిక్కిలి కాగినచో అల్యూమినియపు హెడ్ వంగును. ఆ వంపు కంటికి కనబడదు. సూటియైన ఉక్కుపట్టీని హెడ్‌మీద నిలిపి, దాని క్రింద ఫీలర్ గేజ్ అను సన్నని రేకులను దూర్చి కొలువవలెను. పెక్కు ఇంజనులలో వంపు 0.05 మిల్లీమీటరు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు, దాటినచో హెడ్‌ను యంత్రముపై చదును చేయింపవలెను. పనివారు దీనిని ఫేసింగ్ అందురు. ఇది చేయక క్రొత్త గాస్కెట్ వేయుట వంకరగిన్నెకు క్రొత్తమూత పెట్టుటయే.

మరునాటి సాయంకాలము కారు సిద్ధమయ్యెను. ఖర్చు 14,600 రూపాయలు. ఆమె బిల్లు వ్రాయించుకొనెను. అందు ఫేసింగుకు 1,800 రూపాయలని వేరుగ నుండెను. పన్ను మిగులునను ఆశతో బిల్లు వద్దనువారు కలరు. తగవు వచ్చిననాడు వారి చేతిలో కాగితముండదు. సేవచేసి బిల్లు ఇయ్యకుండుటను నేటి చట్టము అనుచిత వ్యాపారపద్ధతులలో నొకటిగా ఎంచినది.

పండ్రెండవ దినమున, తండ్రితో విజయవాడకు పోవుచుండగా, కంకిపాడు సమీపమున వేడిమి చూపు ముల్లు ఎఱ్ఱగీతను తాకెను. ఎండ మండుచుండెను. తండ్రి వెనుకసీటులో ఆయాసపడుచుండెను. నీడగల చోటు చేరవలెనని ఆమె మరి రెండు కిలోమీటర్లు నడిపెను. అంతట కారు ఆగిపోయెను. తండ్రిని ఆటోలో ఆసుపత్రికి చేర్చి, 2,500 రూపాయలిచ్చి కారును షెడ్డుకు లాగించెను.

మేస్త్రి హెడ్ విప్పి చూచి, “ముల్లు ఎఱ్ఱగీతకు వచ్చినను నడిపితిరి. అందుకే హెడ్ వంగినది. ఇందు మా తప్పు లేదు. విప్పినందులకు 3,000 ఇచ్చి బండిని తీసికొనిపొండు” అనెను. ఆమె లోపము మీదేననెను. మాటకు మాట పెరిగెను. ప్రక్కషెడ్ల వారు మూగిరి. డబ్బు చేతబడనిదే కారు కదలదని మేస్త్రి తెగవేసి చెప్పెను.

ఈ పట్టుదలకు చట్టములో కొంత ఆధారము లేకపోలేదు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 170వ సెక్షను ప్రకారము, తనకప్పగించిన వస్తువుపై శ్రమగాని నైపుణ్యముగాని వెచ్చించి అనుకొన్న పనిని సరిగా నెరవేర్చినవాడు, వేరు ఒప్పందము లేనప్పుడు, కూలి ముట్టువరకు వస్తువును నిలుపుకొనవచ్చును. సానపట్టుటకు వజ్రమును పుచ్చుకొన్న నగలవర్తకుని చట్టమే ఉదాహరణముగా చూపినది. అయితే అనుకొన్న పని జరిగినదా లేదా అనునదే ఇచ్చట తగవు. అది తేలువరకు కారు అచ్చటనే పడియున్నచో తండ్రికి దారి లేదు. ఉపాధ్యాయిని 3,000 రూపాయలు చెల్లించి, “అభ్యంతరముతో చెల్లించితిని” అని రసీదుపై వ్రాసి, నకలు తీసికొనెను. విప్పిన హెడ్‌ను, కాలిన గాస్కెట్‌ను అడిగి పుచ్చుకొని, కారును వేరొక షెడ్డునకు లాగించెను. కోపములో ఆ కాలిన రేకును అచ్చటనే విసరివేసి వచ్చినచో ఆమె వాదమునకు సగము బలము పోయెడిది.

రెండవ షెడ్డువాడు వృద్ధుడు, మితభాషి. హెడ్‌ను కిరోసినుతో కడిగి కొలువగా వంపు 0.20 మిల్లీమీటరు వచ్చెను. “వంపును బట్టి ఏమియు చెప్పలేము, తల్లీ. మొదట విడిచినదే కావచ్చును. మొన్నటి వేడికి వచ్చినదే కావచ్చును. కాని ఇటు చూడుము” అని హెడ్‌ను వెలుతురునకు త్రిప్పెను. పండ్రెండు దినముల క్రిందట ఫేసింగ్ జరిగినచో లోహముమీద క్రొత్త కోతగీతలు ఒకే తీరున కనబడవలెను. దానిమీద పాత గాస్కెట్ విడిచిన నల్లని మచ్చలును, నీటిదారుల చుట్టు చాలకాలపు గుంటలును ఉండెను. వేడి హెడ్‌ను వంచవచ్చును గాని, చదునుచేసిన చోట పాతమచ్చలను పుట్టింపజాలదు. ఆమె ఫొటోలు తీయించి, అతడు చూచినదంతయు వ్రాయించి సంతకము చేయించుకొనెను.

అటుపిమ్మట మేస్త్రికి రిజిష్టరు తపాలలో నోటీసు పంపి పదునైదు దినములు వేచెను. సమాధానము రాలేదు. 1986కు పూర్వము ఇట్టి తగవునకు సివిలు కోర్టే గతి; పదునైదువేల కొఱకు ఆ మెట్లెక్కువారు తక్కువ. ఆ యేట వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. దానికి మారుగా వచ్చిన 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. చేసెదనన్న పనియొక్క నాణ్యములోగాని తీరులోగాని కొరత యున్నచో అది సేవాలోపము. తగవు పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన మూల్యము ఐదు లక్షలు దాటనిచో రుసుము లేదు; వకీలును పెట్టుకొనకయే వాదించుకొనవచ్చును. పూర్వము ఎదుటివాడుండు చోటనో తగవు పుట్టిన చోటనో వేయవలసియుండగా, ఇప్పుడు ఫిర్యాది నివసించు చోటనే వేయవచ్చును. అందుచే ఆమె కృష్ణాజిల్లా కేంద్రమగు మచిలీపట్టణములోని జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు దాఖలు చేసెను. అయినను లోపమును నిరూపించు భారము ఫిర్యాదిదే. కన్నీరు సాక్ష్యము కాజాలదు.

కమిషను ఇరువురి సమ్మతి వ్రాతగా పుచ్చుకొని తగవును మధ్యవర్తికి అప్పగించెను. కొత్త చట్టములో దీనికి వీలు కలదు. ఫొటోలు చూచి మేస్త్రి చాలసేపు పలుకలేదు. ఫేసింగ్ జరిగినదనియే అతడు అంతవరకు నిజముగా నమ్మియుండెను. వాయిదా కోరి పోయి, లేతు షెడ్డు చిట్టా తిరుగవేయించెను. ఆనాటి పద్దు లేదు. పనిచేయు కుఱ్ఱవానిని గద్దింపగా వాడు తలవంచుకొని, “ఆ దినము లేతుకు కరెంటు లేదు. రేపు తాతగారికి ఆసుపత్రి అని అమ్మగారు తొందరపెట్టిరిగదా! సాయంకాలము లోపల ఇయ్యవలెనని అట్లే బిగించితిని” అనెను.

మేస్త్రి ఈ మాటను దాచక మధ్యవర్తి యెదుట చెప్పెను. దాచినను అడుగువారు లేరు. చెప్పుట అతని పెద్దతనము. అప్పుడు ఉపాధ్యాయినియు, “ముల్లు ఎఱ్ఱగీతను తాకిన తరువాత రెండు కిలోమీటర్లు నడిపిన మాట నిజమే” అని ఒప్పుకొనెను.

మిగిలినది ఒక గంటలో తేలెను. మేస్త్రి తన ఖర్చుతో హెడ్ ఫేసింగ్ చేయించి, క్రొత్త గాస్కెట్ వేయవలెను. 1,800, 3,000, మొదటిసారి లాగించిన 2,500 రూపాయలు తిరిగి యియ్యవలెను. కూలెంటు, ఆయిలు ఖర్చును, రెండవ షెడ్డుకు లాగించిన కూలిని ఆమె భరించును. మనోవేదనకై కోరిన 50,000 రూపాయలను ఆమె విడిచిపెట్టెను. ఈ రాజీపై కమిషను ఉత్తరువు వ్రాసెను.

ఈసారి హెడ్‌ను లేతు షెడ్డుకు తీసికొనిపోవునప్పుడు మేస్త్రి ఆమెను వెంట రమ్మనెను. చదునుచేసిన హెడ్‌మీద ఉక్కుపట్టీని నిలిపి, ఫీలర్ రేకును కుఱ్ఱవాని చేతికిచ్చెను. వాడు ఆరుచోట్ల దూర్చి చూచెను. ఎచ్చటను రేకు దూరలేదు. బోల్టులను మేస్త్రియే నడుమనుండి అంచులకు, మూడు విడతలుగ, టార్క్ పానాతో బిగించెను. పని ముగియునప్పటికి చీకటిపడెను. మరునాడు డయాలిసిస్ దినము. ఉదయము ఆరుగంటలకు కారు తండ్రీకూతుండ్రతో కంకిపాడు దాటెను.