చూపులేని వర్తకుడు

ముప్కాల్ నిజామాబాదు జిల్లాలో ఒక మండల కేంద్రము. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఇది బాల్కొండ మండలము నుండి విడివడి వేరు మండలమైనది. హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారి ఈ ప్రాంతము మీదుగనే సాగును. శ్రీరామసాగర జలాశయము సమీపముననే కలదు. చుట్టును పసుపు, మొక్కజొన్న, వరి చేలు. ఇండ్లలో బీడీలు చుట్టు స్త్రీలును, గల్ఫు దేశములకు పోయి పనిచేసి డబ్బు పంపు పురుషులును ఈ సీమయందు పెక్కుమంది కలరు. ఇట్టి ఊళ్ళలో బస్సు నిలుచుచోట నాలుగైదు రేకుల డబ్బాలుండుట సాధారణము. ఒకదానిలో చాయ కాగుచుండును. మరియొకదానిలో చక్కెర, చాయపత్తి, సబ్బులు, బిస్కత్తులు, అగ్గిపెట్టెలు అమ్ముదురు.

అట్టి డబ్బాలో కూర్చుండిన వర్తకుడు చూపులేని యువకుడనుకొందము. ఊరివారు మొదట జాలిపడుదురు. పిదప రెండు సందేహములు వెలిబుచ్చుదురు. ఇచ్చిన నోటు పదిదో నూటిదో అతడెట్లెరుగును? అడిగిన సరుకు ఏ మూలనున్నదో అతనికెట్లు తెలియును? ఈ సందేహములు తప్పుకావు. వీనికి సరియైన సమాధానము లేనిచో దుకాణము నెలదినములలో మూతపడును. పెట్టుబడి పెట్టిన తల్లిదండ్రులు అప్పులపాలగుదురు. ఆ యువకుడు మరల ఇంటి అరుగుమీదికే చేరును. కావున ఆ సమాధానమును కొంత వివరముగనే చూడవలసియున్నది.

ముందు నాణెముల సంగతి. నాణెము వ్రేళ్ళకు మూడు విధముల తెలియును: వెడల్పుచేత, బరువుచేత, అంచుచేత. పెద్ద విలువకు పెద్ద నాణెమను నియమమున్నచో చేతికి తికమక యుండదు. కాని మన దేశమున ఈ నియమము ఎల్లప్పుడును పాటింపబడలేదు. 2011వ సంవత్సరపు వరుసలో రెండు రూపాయల నాణెము వెడల్పు 25 మిల్లీమీటర్లు. ఐదు రూపాయల నాణెము వెడల్పు 23 మిల్లీమీటర్లు. అనగా విలువ తక్కువదే చేతికి పెద్దదిగా తగులును! రెండు రూపాయలది 4.85 గ్రాములు, ఐదు రూపాయలది 6 గ్రాములు. గ్రాము పైచిల్లర తేడాను, నలుగురు కొనువారు ఎదుట నిలిచి తొందరపెట్టుచుండగా, అరచేతిలో తూచుట సులభము కాదు.

2019 మార్చి 7వ తేదీన విడుదలైన క్రొత్త వరుస అంధుల సౌకర్యమును దృష్టియందుంచుకొని రూపొందింపబడినది. ఇందు రూపాయి 20 మిల్లీమీటర్లు, రెండు రూపాయలు 23, ఐదు రూపాయలు 25, పది రూపాయలు 27. ఇరువది రూపాయల నాణెము కూడ 27 మిల్లీమీటర్లే గాని, గుండ్రముగ నుండక పండ్రెండు అంచులు గలిగి యుండును. బరువు కూడ రూపాయికి 3.09 గ్రాముల నుండి ఇరువది రూపాయలకు 8.54 గ్రాముల వరకు మెట్లు మెట్లుగ పెరుగును. కాని పాత నాణెములు చెలామణి నుండి తొలగిపోలేదు. అందుచేత గల్లాపెట్టెలో రెండు వరుసలును కలిసియే యుండును. చూపులేని వర్తకుడు రెండింటిని నేర్వవలసినదే.

నోట్ల కథ దీనికి తలక్రిందులు. నాణెములు మేలైనవి, నోట్లు కష్టమైనవి. 2016వ సంవత్సరమునకు పూర్వము నూరు రూపాయల నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, ఐదువందలది 167, వేయిది 177. ఒక్కొక్క మెట్టునకు పది మిల్లీమీటర్లు. అనగా ఇంచుమించు చిటికెనవ్రేలి వెడల్పు. ఆ యేడు నవంబరు 8వ తేదీ రాత్రి ఐదువందల నోట్లును, వేయి నోట్లును రద్దయినవి. పిదప రెండేండ్లలో వచ్చిన వరుసలో నూటిది 142 మిల్లీమీటర్లు, రెండువందలది 146, ఐదువందలది 150. పది మిల్లీమీటర్ల మెట్టు నాలుగునకు దిగెను. నాలుగు మిల్లీమీటర్లనగా రెండు బియ్యపుగింజలను అడ్డముగ ప్రక్కప్రక్కల నుంచినంత. ఏండ్ల తరబడి వ్రేళ్ళు నేర్చిన పాఠము చెరిగిపోయి, క్రొత్త పాఠము మొదటినుండి నేర్వవలసివచ్చెను. చూపుగలవారు రంగు చూచి క్రొత్త నోటును వారము దినములలో గుర్తుపట్టిరి. రంగు తెలియని వారికి నెలలు పట్టినచో ఆశ్చర్యము లేదు.

ఈ నోట్లమీద ఉబ్బెత్తు గుర్తులు కూడ కలవు. నూరు రూపాయల నోటుపై త్రికోణము, ఐదువందల నోటుపై వృత్తము ఉండును. అంచులయందు నూటిదానికి నాలుగు గీతలు, ఐదువందలదానికి ఐదు గీతలు వ్రేలికి తగులును. క్రొత్త నోటునందు ఇవి చక్కగ తెలియును. చేతులు మారి, చెమటకు తడిసి, రైతు రుమాలు కొంగున ముడివడి వచ్చిన నోటునందు ఈ గుర్తులు అణగిపోవును. అట్టిచో కొలతయే శరణము. అందుకని శిక్షణ పొందినవారు కొలత గాట్లు గల దళసరి అట్టముక్కను చెంత నుంచుకొందురు. నోటును దానిపై పరచి, అంచు ఏ గాటికి వచ్చెనో చూతురు. విలువను బట్టి నోట్లను వేరువేరు విధముల మడచి పెట్టుట మరియొక పద్ధతి. నూటిది ఒక మడత, ఐదువందలది రెండు మడతలు, పదులు మడతలేకుండ. ఎవరి ఏర్పాటు వారిది, కాని ఒకసారి ఏర్పరచుకొన్న దానిని మార్చరాదు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు వెలువరించిన ‘మణి’ యను ఫోను సాధనము నోటు ఎదుట పట్టినచో దాని విలువను పలుకును. అది మేలైన తోడే గాని, కొనువాడు ఎదుట నిలిచియుండగా ప్రతి నోటునకును ఫోను పట్టుచు కూర్చున్నచో బేరము సాగదు.

వీనికంటె గొప్ప ఉపాయమొకటి కలదు. దానికి ఖర్చు లేదు. ఒక బీడీ కార్మికురాలు వచ్చి, “తమ్మీ, పావుకిలో చక్కెర, ఒక చాయపత్తి పొట్లము ఇయ్యి” అని నోటు చేతికిచ్చిననుకొందము. నేర్పరియైన వర్తకుడు దానిని వెంటనే గల్లాలో వేయడు. వ్రేళ్ళతో తడవి, నలుగురు వినునట్లు, “నూరు రూపాయలిచ్చితివి అక్కా. ఇరువదిరెండు పోగా డెబ్బదియెనిమిది” అని పలికి, చిల్లర ఆమె చేతికి చేరినదాక ఆ నోటును బల్లమీదనే యుంచును. పొరపాటున్నచో అప్పుడే బయటపడును. మోసమున్నచో ప్రక్కవారు సాక్షులగుదురు. మోసగాడు చూపుగల వర్తకుని కూడ మోసగించునను మాట ఇచ్చట మరువరాదు.

ఇక సరుకుల సంగతి. ఇది నోట్లంత కష్టము కాదు. ప్రతి వస్తువునకు ఒక స్థానము, ఆ స్థానమున ఆ వస్తువే — ఇంతే రహస్యము. సబ్బు ఎడమచేతి అరలో, అగ్గిపెట్టె దాని క్రింద, నూనె సీసాలు నేలబారున. సరుకంతయు వర్తకుని వెనుకను, కొనువారు బల్లకు ముందును ఉండవలెను. ఇంటిలోని పిల్లలు ఆటకైనను ఒక డబ్బాను జరిపిరా, మరునాడు చక్కెర అడిగినవానికి ఉప్పు పోవును. అట్లు పోకుండ చిటికెడు తీసి వ్రేళ్ళ నడుమ నలిపి చూచుట కూడ శిక్షణలో భాగమే. పసుపు, చాయపత్తి, సాంబ్రాణి వాసనచే తెలియును. తూకమునకు కొనువారు లేని మధ్యాహ్నపు వేళ ఉపయోగపడును: పావుకిలో, అరకిలో పొట్లములు ముందుగనే కట్టి రెండు వరుసలుగ నుంచుకొన్నచో రద్దీవేళ తక్కెడతో పనిలేదు. బరువును పైకి పలుకు త్రాసులు కూడ ఇప్పుడు కలవు.

ఇవన్నియు ఒకరు చెప్పగా మరియొకరు అభ్యసింపవలసిన విద్యలు. వానంతట అవి రావు. చేతికర్ర పట్టి నడచుటయే ముందుగ నేర్వవలెను. రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల కొరకు అమెరికాలో రిచర్డ్ హూవర్ అనునాతడు పొడవైన కర్రతో నడచు పద్ధతిని రూపొందించెను. కర్ర నేలనుండి రొమ్ము ఎముక వరకు ఉండును. అడుగు ఏ వైపు పడునో దానికి ఎదుటివైపున కర్రమొన ముందుగ తాకును. లెక్కలకు, సరుకుల పేర్ల చీటీలకు బ్రెయిలీ లిపి కావలెను. ఆరు చుక్కల ఈ లిపిని 1809లో జన్మించిన ఫ్రెంచి దేశస్థుడు లూయీ బ్రెయిలీ కనుగొనెను. 1951లో మన భాషలన్నిటికి ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ నిర్ణయమైనది. అందు తెలుగు ‘అ’కారము ఒకే చుక్క.

మన దేశమున చూపులేని పెద్దలకు వృత్తులు నేర్పుట దెహరాదూనులో ఒక రూపు దాల్చెను. యుద్ధమున అంధులైన సైనికుల కొరకు 1943లో అచ్చట ఒక వసతిగృహము వెలసెను. దానిని నడిపిన క్లూతా మెకంజీ తాను గూడ 1915లో గల్లిపోలి యుద్ధమున చూపు కోల్పోయినవాడే. 1950లో వయోజన అంధుల శిక్షణకేంద్రము ఏర్పడెను. ఆనాడు నేర్పినవి ముఖ్యముగ నేత, కుర్చీలకు బెత్తపు అల్లిక మొదలగు చేతిపనులు. అవి మంచి పనులే. కాని కుర్చీ అల్లినవాడు దానిని కొనువానికొరకు ఎదురుచూడవలెను. దుకాణదారుని యొద్దకు కొనువారే నడచివత్తురు. తెలుగునాట హైదరాబాదులో 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ చికిత్సతోపాటు, చూపు తిరిగిరాని వారికి నడక, ఇంటిపనులు మున్నగువానిలో పునరావాస శిక్షణ కూడ ఇచ్చుచున్నది. గోదావరికి ఆవల, నిజామాబాదుకు పొరుగుననున్న ముధోల్‌లో ఆ సంస్థ 1996లోనే ఒక గ్రామీణ నేత్రకేంద్రమును తెరచెను.

బొల్లా శ్రీకాంత్ వంటివారి పేరు ఇచ్చట గుర్తుకు రాక మానదు. మచిలీపట్నము సమీపమున సీతారామపురమున పుట్టుచూపు లేక జన్మించి, పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువుటకై న్యాయస్థానము దాక పోయి గెలిచి, అమెరికాలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను కర్మాగారమును స్థాపించెను. అది ఘనకార్యము. కాని ముప్కాల్ వంటి ఊరిలోని యువకునికి కర్మాగారముకంటె ముందు నాలుగడుగుల చోటు కావలెను.

ఆ చోటుకొరకే అమెరికాలో ఒక చట్టము పుట్టినది. కోటికి మించిన ప్రజలు పనిలేక యున్న మాంద్యకాలమది. చూపుగలవారికే కొలువు దొరకని దినములలో చూపులేనివారి గతి చెప్పనక్కరలేదు. జెన్నింగ్స్ రాండాల్ఫ్, మారిస్ షెపర్డ్ అను ఇరువురు ప్రజాప్రతినిధులు తెచ్చిన చట్టముపై 1936 జూన్ 20వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకము చేసెను. కేంద్రప్రభుత్వ భవనములలో పత్రికలు, మిఠాయిలు, పొగాకు అమ్ము కొట్లను అంధులు నడుపుకొనుటకు అది వీలు కల్పించెను. శిక్షణ ఇచ్చుట, లైసెన్సు ఇచ్చుట రాష్ట్రపు బాధ్యత, లాభము వర్తకునిది. 1974లో ఆ చట్టమును సవరించి అంధుల ప్రాధాన్యమును మరింత గట్టిపరచిరి. స్పెయిన్ దేశమున 1938లో ఏర్పడిన ‘ఓన్సే’ యను అంధుల సంఘము మరియొక దారి త్రొక్కెను. దాని లాటరీ చీటీలను అంధులే వీధులలో అమ్ముకొని జీవించిరి. లాటరీ మంచిచెడ్డల మాట వేరు.

మన దేశమునకు అట్టి అవకాశము టెలిఫోను రూపమున వచ్చినది. 1980 తరువాత ఊరూర వెలసిన ఎస్.టి.డి. బూతులను మంజూరు చేయుటలో వికలాంగులకు ప్రాధాన్యమిచ్చిరి. పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములు గల ఆ బూతులను చూపులేనివారు సునాయాసముగ నడుపగలిగిరి. ఫోనుపై 5వ అంకె మీటమీద చిన్న బొడిపె యుండును. దానిని తాకిన తక్కిన అంకెలన్నియు తెలిసిపోవును. దుబాయికి భర్తను, కొడుకును పంపిన కుటుంబములు గల ఈ జిల్లాలో అట్టి కొట్టునకు గిరాకి లోటుండునా? కాని 2003లో సెల్‌ఫోనుకు వచ్చు పిలుపులు ఉచితమైనవి. ఇంటింట సెల్‌ఫోను వచ్చినది. బూతులు ఒక్కొక్కటిగ మూతపడినవి. బోధన్ చెంత శక్కర్‌నగరులో 1930 దశకమున వెలసిన నిజాం చక్కెర కర్మాగారమే 2015లో మూతపడినపుడు బూతుల మూత పెద్దవార్త కాదు. అయితే కర్మాగారపు పనివారు మరియొక మిల్లును వెదకుకొనగలరు. బూతు పోయిన అంధునకు ఆ చోటు ఒక్కటే వీధిలోని ఆధారము.

ఇప్పుడు చట్టబలము లేకపోలేదు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము వ్యాపారాదులకు రాయితీపై కేటాయించు స్థలములలో ఐదు పాళ్ళు దివ్యాంగులకు ప్రత్యేకించెను. ఐదు పాళ్ళనగా నూటికి ఐదు. యంత్రబలమును కలదు. ఫోను ద్వారా సొమ్ము చెల్లించినపుడు, “ఇరువదిరెండు రూపాయలు వచ్చినవి” అని పైకి పలుకు చిన్నపెట్టె నేడు చాయ డబ్బాలలో సైతము కనబడును. అది అంధుల కొరకు చేయబడినది కాదు. ఫోను చూచుకొనుటకు తీరికలేని వర్తకుల కొరకు చేయబడినది. అయినను, నోటుపొడవు కొలువనక్కరలేని బేరము అంధవర్తకునికి దానివలననే లభించినది.

మిగిలినది చోటు ఎచ్చట అను ప్రశ్న. డబ్బా ఊరి చివరి సందులో నున్నచో ఎంత శిక్షణ పొందినను సరుకు బూజుపట్టును. రహదారికి అవతలి ప్రక్కనున్నచో ప్రతి ఉదయము లారీల నడుమ కర్రతో దాటవలెను. బస్సు నిలుచుచోటికి ఇరువది అడుగుల దూరమున, ఇల్లున్న ప్రక్కననే, గుమ్మమునకు గట్టు లేకుండ డబ్బా పడినచో, చివరి బస్సు పోయిన పిదప ఆ యువకుడు నాణెములను వెడల్పు చొప్పున నాలుగు దొంతులు పేర్చి లెక్కించుకొని, నోట్లను మడతల చొప్పున లోపలి జేబులో నుంచుకొని, తాళము వేసి, కర్రమొనతో బాటను తాకుచు తానొక్కడే ఇల్లు చేరగలడు.